పసుపు డబ్బా లెక్క

కరీంనగర్,
2024 ఆగస్టు 6, మంగళవారం.

ఈ రోజు పనులు: నీళ్ళు రెండు డ్రమ్ములు. వంట రెండు పూటలు. బట్టలు పదకొండు, ముసురు వల్ల అన్నీ ఇంట్లోనే తీగ మీద. పిల్లికూనలకు తిండి నాలుగుసార్లు, వాటి దొడ్డి తొట్టి కడగడం ఆరుసార్లు. ఫినాయిల్ వద్దన్నావు కాబట్టి వేడినీళ్ళు, వంటసోడాతో గచ్చు తుడవడం మూడుసార్లు. ఏడుపు ఒకసారి. అది ఉల్లిగడ్డలు కోసేటప్పుడే కానిచ్చాను, వేరే సమయం పట్టలేదు.

చెల్లె నవీనా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. రెండు గదుల ఇంట్లో ఫోన్‌లో ఏం మాట్లాడినా మీ బావకు వినపడుతుంది. పైగా ఫోన్ పట్టుకుంటే నాకు మాటకంటే ముందు కన్నీళ్ళు వస్తాయి. కాగితం మీదైతే వరసగా చెప్పగలను. మీ పక్కింటి కండక్టర్ కైలాసం మంగళవారం, శనివారం ఆదిలాబాద్ బస్సు మీద ఇక్కడికి వస్తాడు కదా, అతని చేతికే ఇస్తాను. కూనల్ని టమాటా బుట్టలో పెట్టి ఇచ్చోడ నుంచి భద్రంగా తెచ్చిన మనిషి, కాగితం పోగొట్టడు.

నువ్వు పంపిన కూనలు బాగున్నాయని రాయాలని ఉంది. అబద్ధం రాయలేను. లారీ కింద తల్లిని పోగొట్టుకుని వచ్చిన వాటికి ఇక్కడైనా సుఖం ఉండాలనుకున్నాను. మీ బావే పేర్లు పెట్టారు. గ్రానైట్ యార్డులో బండలు కొలిచే సూపర్‌వైజర్ కదా, గోధుమరంగు మీద నల్లచుక్కలున్న దాన్ని టాన్ అనీ, ఎర్రదాన్ని మేపుల్ అనీ, యార్డులో బండల పేర్లే పెట్టేశారు. తొట్టిలోకి ఎండిన రాతిపొడి కూడా ఆయనే సంచిలో తెస్తున్నారు. మా పిల్ల స్నిగ్ధ చదువుకి వరంగల్ వెళ్ళాక ఇంట్లో చప్పుడు లేదనుకుంటుంటే, ఇప్పుడు చప్పుడే చప్పుడు.

మీ ఊరి పశువుల డాక్టరమ్మ చెప్పిందని నువ్వు రాసిచ్చిన చీటీ ప్రకారమే పచ్చిమాంసానికి మార్చుతున్నాను. ఆగస్టు రెండు నుంచి మొదలు. ఉడికించిన కోడి కలిపిన అన్నంలో పదోవంతు పచ్చి కైమా. మూడు రోజులకోసారి కొంచెం పెంచాలి. కోడి తెచ్చి మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచే తీస్తున్నాను. త్రాసులో తూచి పెడుతున్నాను. అయినా మొదటి రెండు రోజులు మెత్తగా పోయాయి, మూడోరోజు నుంచి జిగురుతో నీళ్ళు. కడుపులు ఉబ్బి గుడగుడమంటున్నాయి. టాన్ పిడికెడు లేదు, అది గాలి వదిలితే మనిషి లేచి బయటికి పోవాలి. వీటికోసం ఒక నోట్‌బుక్ పెట్టాను: వేళ, తిన్నది, పోయింది, రంగు, వాసన. వాసనకు ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు.

నిన్న రెండూ పసుపుపచ్చగా పోయాయి. కామెర్లనుకున్నాను. కనురెప్పలు ఎత్తి చూశాను, చిగుళ్ళు చూశాను. ఎక్కడా పచ్చన లేదు. అప్పుడు తట్టింది. మాంసం ఇంట్లోకి వచ్చిందంటే పసుపు, ఉప్పు పట్టించి నాలుగు నీళ్ళు కడగడం మనకు చేతి అలవాటు. నీ చీటీలో ఉప్పూ కారం వద్దని ఉంది, పసుపు మాట లేదు. రోజూ చెంచాడు పట్టించాను, ఉప్పుతో సహా! కడుపు పాడుకాక ఏమవుతుంది? ఇవాళ్టి నుంచి మానేశాను. నువ్వు నవ్వుకో, ఫర్వాలేదు.

ఇది కాదు నేను రాయాలనుకున్నది.

ఆగస్టు రెండున, మాంసం మొదలుపెట్టిన రోజే, మీ బావ పరుపు చుట్టి ముందు గదిలోకి తీసుకుపోయారు. ఎందుకని అడిగితే మొహం తిప్పుకుని, "నీ చేతులు పచ్చిమాంసం వాసనొస్తున్నయ్ మనోరమా. నాకు నిద్ర పడ్తలేదు" అన్నారు. ఇరవయ్యారేళ్ళలో ఉప్పు ఎక్కువైందని కూడా గట్టిగా అనని మనిషి. చింతపండుతో తోముకున్నాను, నిమ్మచెక్క రుద్దుకున్నాను, శనగపిండి పెట్టి కడుక్కున్నాను. మూడోరోజు గాజులు తీసి వాటిని కూడా తోమాను. చేతులు చూపిస్తే వాసన చూడకుండానే "ఇంక ఉంది" అన్నారు.

కానీ చెల్లె, కూనల తొట్టి ఉండేది ఆ ముందు గదిలోనే. వంటింటి పక్కన వద్దని ఆయనే అక్కడ పెట్టించారు. నా చేతుల వాసన పడని మనిషి ఆ తొట్టి పక్కన ఎలా నిద్రపోతున్నారో నాకు అర్థం కాలేదు. వాసన కాదేమో, నేనే పడటం లేదేమో.

నోట్‌బుక్ చివరి పేజీలో 'బాకీలు' అని గీత గీసి ఒకే ఒక పద్దు రాశాను: ఆగస్టు 2, ఆయన నాకు ఒక మాట బాకీ. ఈ సంగతి స్నిగ్ధకు చెప్పకు, దానికి పరీక్షలున్నాయి.

నీ అక్క,
మనోరమ


కరీంనగర్,
ఆగస్టు 17, శనివారం.

నవీనా, నా బంగారు చెల్లెకు,

పోయినసారి ఉత్తరం ఇస్తుంటే కైలాసం, "గీ రోజులల్ల ఉత్తరాలేందక్కా, మీ చెల్లెకు ఫోన్ లేదా?" అన్నాడు. "దానికి ఉంది తమ్మీ, నాకే నోరు లేదు" అన్నాను. నవ్వలేదు పాపం. టికెట్ల మిషన్ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ముందు మంచి వార్త. ఆగస్టు పన్నెండున, అంటే పదకొండో రోజు, తొట్టిలో మొదటిసారి చిటికెనవేలంత గట్టిగా, ముదురు గోధుమరంగులో కనపడింది. వాసన అంకె ఒకటి. నేను దాని పక్కనే గచ్చు మీద కూర్చుండిపోయాను. స్నిగ్ధ పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు కూడా అంత నెమ్మది కలగలేదు. మధ్యలో ఒక్కరోజు మేపుల్‌కు నల్లగా, తారులా పోయింది. చూస్తే మీ బావ తన పళ్ళెంలోంచి కార్జం ముక్కలు తీసి పెట్టారట. కార్జం ఎక్కువైతే అంతేనని నువ్వు చెప్పావు కదా, ఆపేశాం. ఇప్పుడు మూడొంతులు పచ్చిమాంసమే. టాన్ ఏడువందల ఇరవై గ్రాములు, మేపుల్ ఆరువందల తొంభై. పసుపు, ఉప్పు ముట్టించడం లేదు. చెయ్యి డబ్బా వైపు పోతుంది, నేనే వెనక్కి లాక్కుంటున్నాను.

ఇప్పుడు చెడ్డది. కూనల వాసన తగ్గింది కానీ ఇంటి వాసన తగ్గలేదు. తొట్టి దగ్గర ముక్కు పెట్టి చూస్తే ఏమీ లేదు. నిలబడి నాలుగడుగులు నడిస్తే గది మధ్యలో గుప్పుమంటుంది. ఇది ఆ మొదటి రోజుల పులిసిన వాసన కాదు. తియ్యగా, కుళ్ళినట్టు. ఎక్కడైనా మాంసం ముక్క ఈడ్చుకుపోయి దాచాయేమోనని మంచం ఎత్తించాను, బీరువా జరిపించాను, అటక దులిపాను. ఏమీ దొరకలేదు. మీ బావను అడిగితే, "పిల్లులదే. ఇంకేం వాసన ఉంటది?" అని విసుక్కున్నారు. తెల్లారి యార్డు నుంచి వస్తూ నాలుగు కట్టలు ఊదుబత్తులు తెచ్చారు. పొద్దున రెండు, సాయంత్రం రెండు వెలిగిస్తున్నారు.

కింద ఉండే ఇంటామె సత్తమ్మ ఊరుకుంటుందా? నిన్న మెట్ల మీద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏంది మనోరమమ్మా గీ కంపు! ఎలుక సచ్చినట్టే ఉంది. మా అల్లుడచ్చి అన్నం ముంగట్ల కూసుంటలేడు."

"పిల్లులకు కడుపు పాడయిందమ్మా, తగ్గింది ఇప్పుడు" అన్నాను.

"తగ్గింది నీ ముక్కుకు. నా ముక్కుకు తగ్గలే. ఒకటో తారీకు వరకు సూస్త. పిల్లులన్న పోవాలె, మీరన్న పోవాలె. రావు సాబ్ మంచోడు, ఆయనకేం చెప్తలేను. నీకే చెప్తున్న."

మంచోడే. ఈ నెలలో తన మేజోళ్ళు తానే ఉతుక్కుంటున్నారు తెలుసా? ఇరవయ్యారేళ్ళలో రుమాలు ఉతకని మనిషి. "వానకు బూట్లల్ల నీళ్ళు పోయి గలీజైతున్నయ్, నువ్వెందుకు ముట్టుడు" అన్నారు. మెచ్చుకోవాలో బాధపడాలో తెలియలేదు. నా చేతులు తగిలితే బట్టలకు కూడా వాసన అంటుతుందని అనుకుంటున్నారా?

ఇంకో చిన్న సంగతి. ఎనిమిదో తారీకున పసుపు కొత్త ప్యాకెట్ పోశాను, వంద గ్రాములు. డబ్బా మూత మీద తారీకు రాసి ఉంది. ఇవాళ చూస్తే సగానికి దిగింది. కూనల మాంసానికి మానేశాక ఇంత ఎలా తగ్గిందో తెలియడం లేదు. లెక్క తప్పడం నాకు కొత్త. మనసు బాగాలేకపోతే చెయ్యి ఎక్కువ పోస్తుందేమో.

మనోరమ


కరీంనగర్,
ఆగస్టు 24, శనివారం.

నవీనా,

ఈ ఉత్తరం బుట్టలో గుడ్డ కింద పెడుతున్నాను. గుడ్డ మీద టాన్, మేపుల్ ఉన్నాయి. వాటిని నీకే తిరిగి పంపుతున్నాను.

నన్ను తిట్టకు. సత్తమ్మ నిన్న మళ్ళీ వచ్చింది. ఈసారి మెట్ల మీద ఆగలేదు, లోపలికే వచ్చి మీ బావ ముందు నిలబడింది. నేను నోట్‌బుక్ తెచ్చి చూపించాను. పన్నెండో తారీకు నుంచి ఒకటి, ఒకటి, ఒకటి. "గీ కాయిదం వాసనొస్తలేదు తియ్యి, ఇల్లొస్తుంది" అన్నది. మీ బావ వైపు చూశాను. ఒక్క మాట నా పక్కన మాట్లాడతారని. ఆయన మంచం మీద కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని కూర్చుని, నేల చూస్తూ, "పంపిచ్చెయ్ మనోరమా. గా పిల్లులతోనే ఇంత లొల్లి" అన్నారు. మేపుల్ అప్పుడు ఆయన మోకాలి పక్కనే, దుప్పటి మీద, నిద్రపోతోంది. దాన్ని చేత్తో నిమురుతూనే అన్నారు.

చీటీ ఇక్కడే రాస్తున్నాను: ఇప్పుడు పూర్తిగా పచ్చిమాంసమే, రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి ఒక్కోదానికి పదిహేను గ్రాములు. ఎముకతో కొట్టించిన కైమా, అందులో గుండెకాయ కొంచెం, కార్జం చిటికెడు. ఎముక ఎక్కువైతే తెల్లగా పొడిపొడిగా పోతాయి, అప్పుడు తగ్గించు. గిన్నె తీసిన వెంటనే వేడినీళ్ళతో కడుగు. పాలు ఎవరు పెట్టినా ఒప్పుకోకు. మేపుల్ తినేటప్పుడు టాన్‌ను పక్కకు పట్టుకో, లాక్కుంటుంది.

నేను ఒక మాట అనుకున్నాను. నీకొక్కదానికే చెబుతున్నాను. వచ్చే శనివారం కైలాసం బస్సులో నేను కూడా వచ్చేద్దామని. పిల్లుల్ని పంపినట్టే మనిషిని కూడా పంపించడం ఆయనకు కష్టం కాదనిపిస్తోంది. మూడు వారాలుగా నన్ను ఆ గదిలో కూర్చోనివ్వడం లేదు. పళ్ళెం పెట్టి పొమ్మంటారు. "పో, నీ పని సూస్కో" అంటారు. మనిషి చిక్కిపోయారు, అన్నం సగం వదిలేస్తున్నారు. ఏమైందంటే యార్డులో పరేషాన్ అంటారు. ఆయన మనసులో ఇంకేముందో నేను తవ్వి చూడదలచుకోలేదు. నీ ఇంట్లో ఒక చాప పరిచే చోటుంటే చాలు.

ఒక పని మాత్రం చేసి వస్తాను. కూనలు పోయాక ఈ ఇంట్లో వాసన ఉందో లేదో వారం రోజులు రాసి పెడతాను. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి అప్పుడు బస్సెక్కుతాను.

నీ అక్క


ఆసుపత్రి, కరీంనగర్,
సెప్టెంబర్ 2, సోమవారం.

చెల్లె,

నిన్న ఫోన్‌లో "బావ ఆసుపత్రిలో ఉన్నారు, కాలు" అని మాత్రమే చెప్పగలిగాను. మిగతాది ఇది. వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఒళ్ళో పెట్టుకుని రాయడం వల్ల.

కూనలు వెళ్ళిన రోజే తొట్టి బయట పడేశాను. గది నాలుగుసార్లు కడిగాను. పరదాలు, దుప్పట్లు ఉడుకునీళ్ళలో పెట్టాను. ఆ తర్వాత రాయడం మొదలుపెట్టాను. ఆదివారం ఐదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి నాలుగు. ఆయన యార్డుకు పోయాక పదింటికి రెండు, మధ్యాహ్నం ఒకటి. సాయంత్రం ఆరున్నరకు ఐదు. మంగళవారం అంతే. బుధ, గురు, శుక్రవారాలు అంతే. గీతలు గీసిన కాగితం మీద అది ఎంత స్పష్టంగా ఉందో చెప్పలేను. అయినా నా బుద్ధి ఆయన ఒంటి వైపు పోలేదు. బూట్లేమో అనుకున్నాను.

శనివారం సంచి సర్దుకుని, ఆయనకు రెండు రోజులకు సరిపడా పప్పు చేసి పెట్టి పోదామని పసుపు డబ్బా తీశాను. చెంచా అడుగుకు తగిలి మోగింది. ఖాళీ. మూత మీద ఆగస్టు 8 అని నా చేతిరాత. పప్పులో చిటికెడు, కూరలో చిటికెడు, నెలన్నర రావాలి. నేను సంచి పక్కన పెట్టి వంటింట్లో పీట మీద కూర్చున్నాను. ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను తీయలేదు.

దండెం మీద ఆయన మేజోళ్ళు ఆరుతున్నాయి. వెళ్ళి లోపలి వైపు తిప్పి చూశాను. బొటనవేలి దగ్గర పసుపు మరక. ఎన్నిసార్లు ఉతికినా పోని మరక. అది ఎర్రమట్టి అనుకున్నాను నవీనా, నెల రోజులు.

ఆ రోజు ఆయన యార్డు నుంచి వచ్చి పడుకున్నారు, ఒళ్ళు కాలుతోందని దగ్గరికి రానివ్వలేదు. కైలాసం బస్సు పోయింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం పెట్టి, చెయ్యి కడుక్కున్నాక, ఆయన ముందు గచ్చు మీద కూర్చున్నాను.

"మేజోడు తియ్యండి" అన్నాను.

"ఎందుకు?"

"సూడాలె."

"సూడనీకి ఏముంది? వానకు నాని జర పాచింది. లే, ముట్టకు."

నేను మడమ పట్టుకున్నాను. ఆయన కాలు జోరుగా వెనక్కి లాక్కుంటే మంచంకోడుకు ఠక్కున తగిలింది. ఆయన అబ్బా అనలేదు. మొహంలో ఏమీ మారలేదు. చెల్లె, నాకు అప్పుడు భయమేసింది. ఆ దెబ్బకు నాకు నొప్పి పుట్టింది, ఆయనకు పుట్టలేదు.

"ఎన్ని రోజులైంది?" అన్నాను.

"లెక్క పెట్టలే."

"బండను నూలుపోగంత తప్పకుండ కొలిచేటోళ్ళు. లెక్కపెట్టకుంట ఉండరు."

మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. "ముప్పై నాలుగు. బూటుల రాయిపెచ్చు పడ్డది. దినమంత దాని మీదనే నడిసిన, తెల్వనే లేదు. ఇంటికొచ్చి ఇప్పితే నెత్తురు." మళ్ళీ, "బాపుకు గిట్లనే ఒక్క వేలుతోని మొదలైంది మనోరమా. లక్సెట్టిపేటల బస్సు తన కాళ్ళతోనే ఎక్కిండు. ముందుగాల వేలన్నరు. తర్వాత పాదమన్నరు. తర్వాత మోకాలన్నరు. ఆర్నెల్లల్ల మనిషే లేడు. నేను పోను. కుంటోడు యార్డుల ఏం కొలుస్తడు? పసుపు పెడ్తున్న, మానుతది."

మా మామగారిదీ షుగరే, ఆ సంగతి నాకు తెలుసు. షుగర్ గోళీలు రోజూ వేసుకుంటున్నానని ఆయన చెబితే నమ్మాను. గోళీల డబ్బా నేను లెక్క పెట్టలేదు. పెట్టాల్సిన లెక్క అదొక్కటీ పెట్టలేదు.

"పిల్లులకు పదకొండు రోజులల్ల తక్కువైంది" అన్నాను. "దినాం ఆరుసార్లు తొట్టి సూసిన, అందుకే తక్కువైంది. మీ కాలు ముప్పై నాలుగు రోజులల్ల ఒక్కసారి సూడలే."

"నేను సూడనియ్యలే గదా."

"అందుకే ఇయ్యాల అడుగుతలేను."

మేజోడు లాగేశాను. ఈసారి కాలు వెనక్కి తీసుకోలేదు. బొటనవేలు నల్లబడింది. కింద పసుపు గడ్డకట్టి, దాని కింద గుంట. నేను వాసనకు వేసిన అంకెలు ఐదుతో ఆగిపోయాయి. నేను వాంతి చేసుకోలేదు, ఏడవలేదు. తడిగుడ్డ చుట్టాను. కిందికి దిగి సత్తమ్మను పిలిచాను, ఆటో పిలిపించమని. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే పైకి వచ్చింది. కాలు చూసింది. కొంగు వదిలేసింది. "అయ్యో రావు సాబ్, గిదా! నేనేమో నోరులేని పిల్లుల్ని ఎల్లగొట్టిస్తి" అని, "నా భుజం పట్టుండ్రి, సిగ్గేంది" అని మెట్లన్నీ ఆమే దింపింది.

షుగర్ నాలుగువందల పన్నెండు. రేపు పొద్దున ఆపరేషన్. వేలితో పోతుందా, పాదం తీయాలా అన్నది తెరిచి చూస్తే గానీ చెప్పలేమన్నారు. సంతకం నాతో పెట్టించుకున్నారు. 'పాదం వరకు' అని రాసి ఉన్న చోట పెట్టాను.

ఇప్పుడు నిద్రపోతున్నారు. నేను పక్కన కూర్చుంటే పొమ్మనలేదు.

శనివారం వస్తానన్న మాట కొట్టెయ్యి. కూనల్ని మాత్రం ఎవరికీ ఇవ్వకు.

మనోరమ


కరీంనగర్,
సెప్టెంబర్ 21, శనివారం.

ఈ రోజు పనులు: వంట రెండు పూటలు. షుగర్ పరీక్ష మూడుసార్లు. కట్టు మార్చడానికి నర్సుకు వేడినీళ్ళు. రెండు పాదాలు వెలుతురులో పెట్టి చూడడం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కూనలకు తిండి నాలుగుసార్లు. కొత్త తొట్టి కడగడం రెండుసార్లు. ఏడుపు లేదు.

నా చెల్లె నవీనకు,

రెండు వేళ్ళు పోయాయి. పాదం నిలిచింది. నువ్వు ఆపరేషన్ రోజు వచ్చి చూసి వెళ్ళాక పుండు లోపల ఎర్రగా కండ వస్తోందట. ఇంకో వారం ఆగి ఉంటే మడమ పైకి పోయేదని డాక్టర్ ఆయనకే చెప్పారు, నాకు కాదు. అది మంచిదైంది. మూడు నెలలు నేల మీద బరువు పెట్టకూడదు. యార్డులో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. ఇస్తారో లేదో చూడాలి.

పొద్దున కైలాసం బుట్ట తెచ్చి మెట్ల దగ్గరే మూత తీశాడు. "మీ చుట్టాలొచ్చిన్రక్కా, టికెట్ కొట్టలే" అన్నాడు. సత్తమ్మ కింద నిలబడి, టాన్‌ను మెడ పట్టి ఎత్తి మొహం చూసి, "దా బిడ్డా, నేనే తప్పుగ అనుకున్న" అని పైకి తెచ్చి దింపింది. మళ్ళీ కిందికి పోతూ, "అయినా తొట్టి మాత్రం ఎండల పెట్టు మనోరమమ్మా" అంది. ఆమె ఆమే. నువ్వు రాసిన చీటీ చూశాను. ఎనిమిదివందల అరవై, ఎనిమిదివందల ముప్పై! నా చేతిలో కంటే నీ చేతిలో బాగా తిన్నాయి. ప్రయాణానికి మేపుల్‌కు కొంచెం మెత్తగా పోయింది, అంతే. వాసన రెండు.

పరుపు వెనక గదిలోకే వచ్చింది. నేనే తెచ్చాను, ఆయన వద్దనలేదు. ఇరవై రోజుల్లో మేము మందులు, కట్లు, గోళీల గురించి తప్ప వేరే ఏమీ మాట్లాడుకోలేదు. నేను అడగదలచుకోలేదు. బాకీ అడిగి తెచ్చుకునేది కాదు కొన్నిసార్లు.

మధ్యాహ్నం వంటింట్లో గుండెకాయ, కార్జం కోస్తున్నాను. "మనోరమా" అని పిలుపు.

"చేతులు కడుక్కోని వస్త" అన్నాను.

"గట్లనే రా."

మోచేతుల వరకు తడి. నిలబడ్డాను. ఆయన మంచం మీద నుంచి చెయ్యి చాపి నా చెయ్యి అందుకున్నారు. ఎదురుగా గోడ మీద కేలండర్ చూస్తూ మాట్లాడారు. కళ్ళలోకి చూస్తే చెప్పలేని మనిషి.

"గా దినం నీ చేతులు వాసనొస్తున్నయన్నది అబద్ధం. వాసన నాది. పక్కల పంటే నీకు తెలుస్తది. తెలిస్తే దవాఖానకు గుంజుకపోతవ్. అందుకని నీ మీద పెట్టిన. నీ మీద సరిపోకపోతే పిల్లుల మీద పెట్టిన. పాపం అవి కడుపు బాగైనా కూడ మాట పడ్డయి. నువ్వు నిమ్మచెక్కతోని తోముకుంటుంటే నేను ముందర రూంలకెల్లి సూసేటోన్ని మనోరమా. సూసి ఊకున్న."

అప్పుడు ఆయన నా చెయ్యి తన మొహానికి ఆనించుకున్నారు, గట్టిగా, ఊపిరి తీసుకున్నారు.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు నిజంగనే కార్జం వాసనొస్తుంది" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. చెయ్యి లాక్కోబోయాను, వదల్లేదు. అలాగే పట్టుకుని కూర్చున్నారు. చివరికి టాన్ మంచమెక్కి నా వేళ్ళు నాకడం మొదలుపెట్టాక, దానికి దారి ఇవ్వడానికి వదిలారు.

ఆదివారాలు ఖాళీ ఉన్నప్పుడు వచ్చి పో. చాప నేను పరుస్తాను.

నీ అక్క,
మనోరమ

నోట్‌బుక్ చివరి పేజీ నకలు, నువ్వు చూడాలని: ఆగస్టు 2, ఆయన నాకు బాకీ, ఒక మాట. సెప్టెంబర్ 21, మధ్యాహ్నం పన్నెండు నలభైకి వచ్చింది. చెల్లు.